గంగాప్రసాద్ గుండీల బుక్కు

ఆర్మూర్ పాత బస్టాండు దగ్గరి చెప్పుల దుకాణంలోకి గంగాప్రసాద్ అడుగుపెడితే, అక్కడ పనిచేసేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వెళ్లి టీ తాగి వచ్చేవాళ్లు. ఆయన ఒక జత చూసి, ఇంకో జత చూసి, మళ్లీ మొదటి జతే తెమ్మని, అది తొడుక్కుని దుకాణం ఈ మూల నుంచి ఆ మూలకు నడిచి, "ఇంటికి పోయి ఆలోచన చేసి వస్త" అని పాత చెప్పులతోనే బయటికి వచ్చేవాడు. పుచ్చకాయ కొనబోతే బండి మీదున్న కాయలన్నీ తట్టి, చెవి పెట్టి విని, చివరికి బండివాడు విసిగి చేతిలో పెట్టిన కాయనే ఇంటికి తెచ్చుకునేవాడు. పిసినారి కాదు, అనుమానపు మనిషీ కాదు. ఒకటి తీసుకుంటే మిగిలినవాటికి అన్యాయం చేసినట్టవుతుందేమోనని లోపల ఒక పీకులాట, అంతే.

పెళ్లి కూడా అలాగే ఆగిపోవలసింది. స్వర్ణలతను చూసి వచ్చాక, "పిల్ల మంచిగనే ఉన్నది, జర ఆలోచన చేస్త" అన్నాడట. ఆ మాట అవతలి ఇంటికి చేరింది. "చేయమను. ఆలోచన అయిపోయేసరికి నా పెండ్లి కూడా అయిపోతది, వచ్చి భోజనం చేసి పొమ్మను" అని స్వర్ణలత కబురు పంపింది. ఆ సాయంత్రమే గంగాప్రసాద్ ఒప్పుకున్నాడు. తన జీవితంలో త్వరగా ఎంచుకున్నది స్వర్ణనే అని ఆయన గొప్పగా చెప్పుకుంటాడు. ఎంచుకున్నది ఎవరో స్వర్ణలత మాత్రం చెప్పదు, నవ్వుతుంది.

వాళ్లిల్లు ఆర్మూర్ పక్కనే పెర్కిట్‌లో. ట్రాక్టరుకు తగిలించుకుని ఊరూరా తిప్పే పసుపు బాయిలర్ ఆయన బతుకుతెరువు. తవ్విన పసుపును ఉడకబెట్టి, కళ్లంలో ఆరబోసి, ఆ తర్వాత పాలిష్ పట్టి మార్కెట్టుకు తేవాలి. ఉడకబెట్టే పని గంగాప్రసాద్‌ది. కింద కట్టెల మంట, పైన నీళ్ల ట్యాంకు, అక్కడి నుంచి గొట్టాల్లో ఆవిరి నాలుగు డ్రమ్ముల్లోకి పోతుంది. డ్రమ్ము మూత తీస్తే వచ్చే ఘాటు వాసన ఆయన చొక్కాల్లో వానాకాలం దాకా ఉంటుంది. కొమ్ములో పుల్ల గుచ్చి, అది ఎలా దిగిందో చూసి "అయ్యింది" అనడంలో మాత్రం ఆయనకు ఏ పీకులాటా లేదు. ఆ ఒక్క చోటే ఆయన వేరే మనిషి.

కష్టమంతా నంబర్లతో, ఎవరి వంతు ఎప్పుడన్న లెక్కతో. తవ్వకాలు మొదలైతే అందరికీ బాయిలర్ ఒకేసారి కావాలి. ఒకరికి మాటిచ్చాక వాళ్ల కూలీలు రారు, ఇంకొకరింట్లో చావు, మరొకరి చేను ఇంకా తడి. నంబరు ముందుకు, వెనక్కు జరుగుతూనే ఉంటుంది. గంగాప్రసాద్ ఈ లెక్కంతా కొంత అరచేతిలో, కొంత బాయిలర్ మీద చాక్‌పీసుతో, మిగిలింది గోడ మీది విత్తనాల కంపెనీ క్యాలెండర్‌లో రాసుకునేవాడు. అరచేతిది చెమటకు పోయేది, బాయిలర్ మీదిది ఆవిరికి పోయేది. క్యాలెండర్‌లో ఒక పేరు కొట్టేసి, బాణం గీసి, ఆ బాణాన్నీ కొట్టేసి, ఇంకో బాణం గీసేవాడు. ఫిబ్రవరి నెల వచ్చేసరికి అది చీమలు పాకిన బెల్లం ముక్కలా తయారయ్యేది.

నిరుడు ఆ బాణాల్లో ఒకటి ఆయన కొంప ముంచింది. ఏర్గట్లలో చిన్నయ్య అనే రైతు పసుపు కుప్ప పోసి, కట్టెలు తెచ్చి, కూలీలను పిలిచి పొద్దున్నుంచి ఎదురు చూస్తుంటే, గంగాప్రసాద్ బాయిలర్‌తో సహా వేరే ఊళ్లో, అసలు తవ్వకమే మొదలుపెట్టని రైతు వాకిట్లో నిలబడి హారన్ కొడుతున్నాడు. చిన్నయ్య తిట్టలేదు. ఆ తర్వాత ఎక్కడ ఎదురుపడినా, "ఏమన్నా, ఇయ్యాల ఏ ఊర్ల ఉన్నవో ఎర్కేనా" అని ప్రేమగా అడగడం మొదలుపెట్టాడు. తిట్టినా బాగుండేదని గంగాప్రసాద్‌కు అనిపించేది.

దీపావళి వెళ్లాక ఆయన మేనకోడలు దివ్యశ్రీ వచ్చింది. నిజామాబాద్‌లో ఒక పంటి దవాఖానలో డాక్టరు ఎవరిని ఎప్పుడు చూడాలో రాసిపెట్టే ఉద్యోగం ఆమెది. అన్నం తింటుండగా ఫోనొస్తే ఎడమచేత్తో సంచిలోంచి ఒక పుస్తకం తీసింది. దాని వెన్నుకు కుట్టు లేదు, తీగ చుట్టలూ లేవు. వరసగా నల్లటి గుండ్రటి బిళ్లలు, చొక్కా గుండీల కంటే పెద్దవి. పేజీల అంచుకు చిన్న చిన్న కోతలు, ఆ కోతలు బిళ్లలను పట్టుకుని ఉన్నాయి. దివ్యశ్రీ ఒక పేజీని లాగింది. అది చప్పున ఊడి వచ్చింది.

గంగాప్రసాద్ చేతిలో ముద్ద ఆగిపోయింది. "చింపినవా ఏంది బిడ్డా?"

"చిరగలే మామా, చూడు." ఆమె ఆ పేజీని వెనక్కి తీసుకెళ్లి, ఇంకెక్కడో పెట్టి వేలితో నొక్కుకుంటూ వచ్చింది. టిక్కు టిక్కుమని కూర్చుంది. "పేషెంట్ రేపొస్త అంటే రేపట్ల పెడ్త. కొట్టేసుడు లేదు, బాణాల్లేవు. డిస్కు ప్లానర్ అంటరు దీన్ని."

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి ఆ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. పేజీ తీశాడు, పెట్టాడు. మళ్లీ తీశాడు. ఏర్గట్ల పేజీ ఇటు, మోర్తాడ్ పేజీ అటు అని మనసులో జరిపి చూసుకున్నాడు. "గిసోంటి గుండీల బుక్కు నాకొకటి గావాలె" అన్నాడు.

"తెప్పిద్దాం. ఏ సైజు మామా? చిన్నది, నడిమిది, పెద్దది, మూడు ఉంటయి."

వంటింట్లో గిన్నెలు సర్దుతున్న స్వర్ణలత చెయ్యి ఆగింది. "గా మాట అడగకుంటే అయిపోవు గదనే దివ్యా" అంది.

దివ్యశ్రీ నవ్వి ఒక ఉపాయం చెప్పింది. మూడు సైజుల్లో అట్టముక్కలు కత్తిరించుకుని, ఒక్కోదాన్ని కొన్నాళ్లు వెంట తిప్పుకుంటే ఏది పనికొస్తుందో తెలిసిపోతుందని. మామూలు మనిషికి అది మంచి సలహానే. గంగాప్రసాద్‌కు చెప్పకూడని సలహా.

కూలర్ వచ్చిన అట్టపెట్టె అటక మీద ఉంటే దింపి, దివ్యశ్రీ ఫోనులో చూపిన కొలతలు చూసి, స్కేలు పెట్టి మూడు ముక్కలు కోశాడు. ముందు పెద్దదాంతో మొదలుపెట్టాడు. అది జిరాక్స్ కాగితమంత ఉంది. దాని మీద రాయడం హాయిగా ఉంది, అక్షరాలు కాళ్లు చాపుకుని కూర్చున్నాయి. కానీ ట్రాక్టరు మీద ఎక్కడ పెట్టాలి? సీటు కింద పట్టలేదు. తొడల కింద పెట్టుకుంటే గుంత వచ్చినప్పుడల్లా జారింది. ఇంటికొచ్చి బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లి వచ్చేసరికి స్వర్ణలత దాన్ని పెరుగు గిన్నె మీద మూతగా పెట్టింది.

"గది నా బుక్కే" అన్నాడు.

"సరిగ్గ సరిపోయింది" అంది ఆమె.

చిన్నది చొక్కా జేబులో చక్కగా ఇమిడింది. గంగాప్రసాద్ రెండు మూడు రోజులు జేబు తడుముకుంటూ మురిసిపోయాడు. తీరా రాయబోతే ఆయన రాత ఎద్దు నడకలాంటిది, ఒక్కో అక్షరం ఒక్కో అడుగు. చిన్నయ్య పేరు ఎలాగో పట్టింది. లక్ష్మీనర్సమ్మ పేరు రాయబోతే 'లక్ష్మీ' దగ్గర అట్ట అయిపోయింది. ఆయన పసుపు ఉడకబెట్టే ఇళ్లల్లో లక్ష్మీలకు కొదవ లేదు. ఏ లక్ష్మి వాకిట్లో బాయిలర్ ఆపాలో మళ్లీ మొదటికే వచ్చింది.

నడిమిది జేబులో పట్టేంత చిన్నది కాదు, తొడ మీద పరుచుకుని రాసుకునేంత పెద్దదీ కాదు. చంకలో పెట్టుకున్నాడు. బాయిలర్ పనికి రెండు చేతులూ కావాలి, చెయ్యెత్తగానే అది నేల మీద పడింది. బొడ్లో దోపుకున్నాడు, వంగితే పొట్టలో గుచ్చుకుంది. ఒకరోజు చిన్నదే నయమనిపించేది, మర్నాడు పెద్దదాన్నే ఎలాగైనా కట్టుకోవచ్చనిపించేది. మూడు అట్టలూ మంచం మీద పరచుకుని, ఒకదాని మీద ఒకటి పేర్చి, తీసి, మళ్లీ పేర్చేవాడు. అంగడి బజారులో స్టేషనరీ దుకాణం పెట్టుకున్న జాన్, "సైజు చెప్పన్నా, హైదరాబాద్ నుంచి నేనే తెప్పిస్త" అన్నాడు. చెప్తానన్న మనిషి చెప్పలేదు. ఆ తర్వాత గంగాప్రసాద్ దుకాణం ముందు నుంచి వెళ్లినప్పుడల్లా జాన్ రెండు చేతులూ ఎత్తి, వాటి మధ్య ఎడం కాస్త పెంచి, కాస్త తగ్గించి, కనుబొమలు ఎగరేసేవాడు. గంగాప్రసాద్ ఆ వీధి మానేసి చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాడు.

చేలల్లో పసుపు ఆకు ఎండి పడిపోయింది. తవ్వకాలు మొదలయ్యాయి. అట్టముక్కలు ఇంకా మంచం మీదే ఉన్నాయి.

ఒక పొద్దున స్వర్ణలత ఫోను మాట్లాడుతూ, భుజంతో దాన్ని చెవికి ఆనించి, గ్యాస్ రసీదు వెనక ఏదో రాస్తోంది. బాయిలర్ దగ్గర ఆ హోరులో ఫోను వినపడదని రైతులకు ఆయన ఇచ్చేది ఎప్పుడూ ఆమె ఫోను నంబరే. ఫోను పెట్టేసి, మంచం మీద అట్టలతో కూర్చున్న మొగుడి వైపు చూసింది.

"ఏమయ్యా, ఫోన్లు ఎవరికొస్తున్నయి?"

"నీకే."

"నంబర్లు ఎవలు రాస్తున్నరు?"

"నువ్వే రాసి నాకు చెప్తవ్."

"మరి బుక్కు నీ జేబుల ఉంటే నేనేడ రాయాలె? నా నెత్తి మీదనా?"

గంగాప్రసాద్ మూడు అట్టల వైపు చూశాడు. సీటు కొలిచాడు, జేబు కొలిచాడు, చంక కొలిచాడు. ఈ సంగతి ఆయనకు తట్టనేలేదు. స్వర్ణలత వచ్చి నడిమి అట్ట తీసుకుని, తన ఫోను చార్జింగ్ పెట్టుకునే కిటికీ గూట్లో పెట్టింది. అటూ ఇటూ వేలు పట్టేంత చోటు మిగిలింది. "గిదే" అంది. "పొద్దుగాల ఫోటో తీసి నీ ఫోన్ల ఏస్త. చూసుకుని పో."

"జర ఆలోచన..." అని ఆయన మొదలుపెట్టాడు. ఆమె అప్పటికే జాన్‌తో ఫోనులో మాట్లాడుతోంది.

పుస్తకం వచ్చింది. ఒక్కో రైతుకు ఒక్కో పేజీ, వచ్చే నంబరు అన్నిటికంటే పైన. పని కాగానే ఆ పేజీ తీసి వెనక్కి పెట్టడం. ఎవరైనా మా కూలీలు రాలేదంటే స్వర్ణలత ఆ పేజీని లాగి రెండు పేజీల కిందకు జరిపేది, టిక్కు టిక్కు. గంగాప్రసాద్ ఆ పుస్తకాన్ని తానే కనిపెట్టినట్టు ఊరూరా చెప్పాడు. పుల్ల గుచ్చి పసుపు చూస్తూ కూడా, "ఏ పేజీ ఏడికంటె ఆడికి జరుగుతది, తెలుసా" అనేవాడు. కొందరు ఊ కొట్టారు. మోర్తాడ్ లసుమవ్వ మాత్రం శ్రద్ధగా విన్నది.

లసుమవ్వకు డెబ్బై దాటి ఉంటాయి. ఆమె, ఆమె తోడికోడలు శాంతవ్వ పక్కపక్క ఇళ్లల్లో ఉంటారు, చేలు కూడా పక్కపక్కనే. పసుపు ఆరబోసే కళ్లం మాత్రం ఇద్దరికీ ఒకటే. దానికి తూర్పు సగం బండలు పరిచి ఉంటుంది, పొద్దంతా ఎండ. పడమటి సగం మీద వేపచెట్టు నీడ, ఆకు రాలుతుంది, కోళ్లు గెలుకుతాయి. ఎవరి పసుపు ముందు ఉడికితే వాళ్లు తూర్పు సగంలో పోస్తారు. ఈసారి నంబరు శాంతవ్వది ముందు, లసుమవ్వది ఆ తర్వాత.

అంగడి రోజు లసుమవ్వ ఆర్మూర్ వచ్చి, పని చూసుకుని, పెర్కిట్‌లో గంగాప్రసాద్ ఇంటికి వచ్చింది. స్వర్ణలత కారం పట్టించడానికి గిర్నీకి వెళ్లింది.

"నువ్వు చెప్పిన బుక్కేదిరా కొడుకా, చూద్దామని వచ్చిన" అంది.

అంతకంటే ఆనందం గంగాప్రసాద్‌కు ఇంకేముంటుంది? గూట్లోంచి తీసి ఆమె ముందు పెట్టి, పేజీ తీసి చూపించాడు, పెట్టి చూపించాడు, ఆమె చేత కూడా తీయించాడు.

"దీంట్ల నాదేదిరా?"

"గిది. పైనున్నది శాంతవ్వది, దాని కిందిది నీది. చాయ తాగుతవా పెద్దవ్వా?"

"పెట్టు. జర మంచిగ చెయ్."

ఆయన వంటింట్లోకి వెళ్లాడు. నీళ్లు పెట్టాడు. అల్లం దంచి వేయాలా, యాలక్కాయ వేయాలా అని కాసేపు డబ్బాల ముందు నిలబడ్డాడు. ముసలామె కదా, అల్లమైతే గొంతుకు మంచిది. ఇంటికొచ్చిన మనిషి కదా, యాలకైతే మర్యాద. చాయ్ తీసుకుని వచ్చేసరికి పుస్తకం గూట్లో బుద్ధిగా ఉంది, లసుమవ్వ గోడకు చేరగిలి కొంగుతో విసురుకుంటోంది.

మర్నాడు పొద్దున స్వర్ణలత ఫోటో పంపింది. లసుమవ్వ, మోర్తాడ్. గంగాప్రసాద్ తిన్నగా లసుమవ్వ వాకిట్లో బాయిలర్ దింపి, కట్టెలు పేర్చి మంట పెట్టాడు. ట్యాంకులో నీళ్లు మరగడం మొదలయ్యేసరికి పక్కింటి గోడ మీంచి శాంతవ్వ తల కనిపించింది.

"ఏం ప్రసాదూ, ఇయ్యాల నా నంబరు గాదా? కూలోల్లు వచ్చి కూసున్నరు."

"లేదు చిన్నవ్వా. బుక్కుల లసుమవ్వదే ఉన్నది." ఫోను చూపించాడు.

"మొన్న నీ పెండ్లామే చెప్పింది, నాదని."

"మనిషి మరుస్తడు, బుక్కు మరువదు" అన్నాడు గంగాప్రసాద్, కొంచెం గర్వంగానే. అన్నాక, ఎందుకైనా మంచిదని కాస్త అవతలికి వెళ్లి భార్యకు ఫోను చేశాడు.

స్వర్ణలత పుస్తకం తీసి చూసింది. "ఓ మనిషీ, గీ పేజీకి పై గుండీలు పట్టినయి, కింద రెండు పట్టలే. ఊగుతున్నది. నేను పెడితే గిట్లుంటదా? నేను లేనప్పుడు ఎవలన్న ముట్టిన్రా?"

ఆయనకు అల్లం, యాలకలు రెండూ గుర్తొచ్చాయి. తిరిగి వాకిట్లోకి వచ్చి లసుమవ్వ ఎదురుగా నిలబడ్డాడు. ఆమె చాటలో పసుపు కొమ్ములకున్న మట్టి దులుపుతోంది, తలెత్తలేదు.

"పెద్దవ్వా, పేజీ జరిపినవా?"

"జరిపిన."

"గట్లెట్ల జరుపుతవ్?"

"నువ్వే గదరా చెప్తివి, ఏడికంటె ఆడికి జరుగుతదని. నిజమేనా అని చూసిన. నిజమే, మంచి బుక్కు."

గోడ అవతలి నుంచి శాంతవ్వ వాకిట్లోకి వచ్చేసింది. ఇంక ఇద్దరూ అందుకున్నారు. తూర్పు సగం ఏ ఏడు ఎవరు పోసుకున్నారో, ఎవరి కోళ్లు ఎవరి పసుపులో తిరిగాయో, నలభై ఏళ్ల కిందట అత్త ఎవరికి మంచి చీర పెట్టిందో అన్నీ వచ్చాయి. కూలీలు కూర్చుని హాయిగా వింటున్నారు. ఇద్దరూ కాసేపటికి ఆగి, ఒకేసారి గంగాప్రసాద్ వైపు తిరిగారు.

"నువ్వే చెప్పు" అన్నది శాంతవ్వ.

"ఆ, చెప్పు" అన్నది లసుమవ్వ.

గంగాప్రసాద్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆలోచన చేసి వస్తానందామంటే ఎక్కడికి పోతాడు? వెనక బాయిలర్ ఈల వేయడం మొదలుపెట్టింది. ఆవిరి ఎవరి కోసమూ ఆగదు, పసుపు లేకుండా వదిలితే కట్టెలన్నీ దండుగ. ఆయన గొట్టాల వైపు చూశాడు, అవి పోయి కలిసే డ్రమ్ముల వైపు చూశాడు.

"డ్రమ్ములు నాలుగున్నయి. రెండిట్ల పెద్దవ్వది, రెండిట్ల చిన్నవ్వది. ఒక్కపారే ఉడుకుతది. గంపలు ఎత్తుండ్రి" అన్నాడు.

"మరి కళ్లం?" ఇద్దరూ కలిసే అడిగారు.

ఆయన కళ్లంలోకి నడిచాడు. ఇన్నేళ్లూ దాన్ని తూర్పు, పడమర అని అడ్డంగా పంచుకున్నారు. ఆయన తూర్పు చివర నుంచి పడమటి చివర దాకా పొడుగ్గా చెప్పు కాలితో ఒక గీత గీస్తూ వెళ్లాడు. "ఇటు నీది, అటు నీది. ఎండ ఇద్దరికీ వస్తది, వేపాకు ఇద్దరికీ రాలుతది."

లసుమవ్వ లేచి వచ్చి గీతను చూసింది. శాంతవ్వ కూడా వచ్చి పక్కన నిలబడింది.

"వంకరున్నది" అంది లసుమవ్వ.

"నడుమ అయితే మస్తు వంకరున్నది" అంది శాంతవ్వ. "నీకు చూపు సక్కగున్నదా ప్రసాదూ?"

ఆ రోజంతా ఆ ఇద్దరూ కలిసి ఆయనను పట్టుకున్నారు. మంట తక్కువైందని ఒకామె, ఎక్కువైందని ఇంకొకామె, గీత మళ్లీ గీయమని ఇద్దరూ. తాడు పట్టించి గీయించుకున్నాక గానీ ఊరుకోలేదు. మధ్యాహ్నం జొన్నరొట్టె శాంతవ్వ ఇంటి నుంచి, పచ్చిపులుసు లసుమవ్వ ఇంటి నుంచి వచ్చాయి. గంగాప్రసాద్ కళ్లం గట్టు మీద కూర్చుని తిన్నాడు. ఎదురుగా ఉడికిన పసుపు పొగలు కక్కుతూ తాడుకు ఇటూ అటూ పరుచుకుంటోంది.

పొద్దు వాలే వేళకు ఇంటికి చేరాడు. కాళ్లు కడుక్కుంటుంటే స్వర్ణలత గుమ్మంలో నిలబడి అడిగింది. "శాంతవ్వ ఫోన్ చేసింది. ఇద్దరిది ఒక్కపారే ఉడకబెట్టినవట?"

"ఆ."

"నీకెవలు చెప్పిన్రు గట్ల చేయమని?"

"ఎవలు చెప్పలే. నోట్లకెళ్లి వచ్చింది." ఆ మాట అంటుంటే ఆయనకే కొత్తగా ఉంది. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, అది తప్పా అన్నట్టు ఆమె వైపు చూశాడు.

స్వర్ణలత లోపలికి వెళ్లి పుస్తకం తెరిచి, శాంతవ్వ పేజీ, లసుమవ్వ పేజీ రెండూ తీసి వెనక్కి పెట్టి, గుండీలన్నీ పట్టాయో లేదో వేలితో ఒక్కొక్కటే నొక్కి చూసుకుంది. ఆ తర్వాత ఆయనకు అన్నం వడ్డించి, ఎప్పుడూ వేసే దానికంటే కాస్త ఎక్కువ నెయ్యి వేసి, తను కూడా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఇగ చెప్పు" అంది, "చీర ముచ్చట ఎవలు మొదలువెట్టిన్రు?"